స్లాట్ కొన్న కథానాయిక

సినిమాల్లో పని తగ్గితేనే టీవీకి వెళ్తారు. 1990ల చివర్లో మద్రాసులోనూ హైదరాబాద్‌లోనూ సినిమావాళ్లు గట్టిగా నమ్మిన సంగతి ఇది. కథానాయిక కొన్నేళ్లకు వదిన అవుతుంది, వదిన తల్లి అవుతుంది, తల్లి వేషానికి కూడా కబురు రాని రోజున సీరియల్ ఒప్పుకుంటుంది. దిగినవాళ్లే తప్ప ఎక్కినవాళ్లు కనబడని మెట్లవి.

1999 డిసెంబరు 20న సన్ టీవీలో ‘చిత్తి’ అనే సీరియల్ మొదలైంది. అందులో శారద వేషం సినిమా కథానాయిక రాధికది. సీరియల్ తీసిన రాడాన్ సంస్థ కూడా రాధికదే. 2001 నవంబరు దాకా, రెండేళ్లకు కాస్త తక్కువగా సాగిన ఆ కథ తమిళనాట రాత్రి భోజనాల వేళను మార్చేసింది. తెలుగులోకి ‘పిన్ని’గా వచ్చి, జెమినీ టీవీ ద్వారా మన ఇళ్లలోనూ అదే పని చేసింది. కరెంటు పోయి ఒక ఎపిసోడ్ తప్పితే మర్నాడు పంపు దగ్గరో, కిరాణా కొట్లోనో కథ అడిగి తెలుసుకునేవారు. కన్నతల్లి కాకపోయినా ఒక పసిపిల్లను కడుపులో పెట్టుకుని చూసుకునే మనిషి కథ అది. ఇల్లాళ్లు ఆమెను రాధిక అనడం మానేసి పిన్ని అనడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో ‘పాపం, సినిమాలు లేవు’ అని జాలిపడ్డవాళ్లకు ఒక విషయం అర్థం కాలేదు. రాధిక వేషం వెతుక్కుంటూ అక్కడికి వెళ్లలేదు. అక్కడ తనకంటూ అరగంట కొనుక్కున్నారు. ఆమె గురించి ఏం చెప్పుకోవాలన్నా అక్కడినుంచే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది. మంచి నటీమణులు మనకు చాలామంది ఉన్నారు. తన నటనకు తానే యజమాని కావాలనుకుని, అయి చూపించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

రాధ గారి అమ్మాయి

తెలుగు ఊళ్లలో ‘రక్తకన్నీరు’ అంటే నాగభూషణం. పాలగుమ్మి పద్మరాజు మాటలతో ఆయన ఊరూరా ఆడిన ఆ నాటకానికి మూలం తమిళ వేదిక మీద ఎం.ఆర్. రాధ ఆడిన ‘రత్తకన్నీర్’. విలాసాల్లో మునిగి, రోగంతో కుళ్లి, రోడ్డున పడే ధనవంతుడి పాత్ర. 1954లో సినిమాగా కూడా వచ్చింది. లోకాన్ని ఎద్దేవా చేసే ఆ గొంతు తమిళులకు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. 1967 జనవరి 12న ఎం.జి.ఆర్.పై కాల్పులు జరిపిన కేసులో జైలుకు వెళ్లింది కూడా ఈ రాధే. 1962 ఆగస్టులో పుట్టిన ఆయన కూతురు రాధికకు అప్పటికి ఐదేళ్లు నిండలేదు.

తల్లి గీతది శ్రీలంక. పిల్ల చదువు కొంత ఇక్కడ, కొంత శ్రీలంకలో, కొంత ఇంగ్లండ్‌లో సాగింది. అలాంటి అమ్మాయిని తీసుకొచ్చి పల్లెటూరి పిల్లను చేశారు భారతీరాజా. ‘పదినారు వయదినిలే’ తర్వాత ఆయన రెండో సినిమా ‘కిళక్కే పోగుం రైల్’ 1978 ఆగస్టులో విడుదలైనప్పుడు రాధికకు ఇంకా పదహారేళ్లు నిండలేదు.

ఆ సినిమాలో ఆమె పేరు పాంచాలి. ప్రేమించిన కుర్రాడు ఆమెకు అక్షరాలు నేర్పి పట్నం వెళ్లిపోతాడు. అక్కణ్నుంచి ఊరి మీదుగా పోయే రైలు చివరి పెట్టె వెనక తన కబురు రాసి పంపుతుంటాడు. ఉత్తరం అయితే దాచుకుని పదిసార్లు చదువుకోవచ్చు. ఇది రైలు, వెళ్లిపోతుంది. వెళ్లిపోయేలోగా ఆ కొత్త అక్షరాలను కూడబలుక్కోవాలి. ఆత్రం, భయం, అక్షరం కుదిరినప్పటి వెలుగు అన్నీ ఒకే ముఖంలో కనబడాలి. మొదటి సినిమా చేస్తున్న పదిహేనేళ్ల పిల్ల ముఖంలో అవన్నీ కనబడ్డాయి. అందానికి అప్పట్లో వాడుకలో ఉన్న కొలతల్లో ఇమిడే ముఖం కాదు రాధికది. పెద్ద కళ్లు, పిడికిలంత నవ్వు, కొంచెం బరువైన గొంతు. ఆ ముఖం మీద ఆలోచన కదలడం కనిపిస్తుంది. భారతీరాజా పట్టుకున్నది దాన్నే.

ఇంకో సంగతి, ఆ సినిమాలో హీరో మన సుధాకర్. చిరంజీవితో ఒకే గదిలో ఉంటూ మద్రాసులో అవకాశాలు వెతుక్కున్న సుధాకర్, తర్వాత తెలుగులో మనల్ని కడుపుబ్బ నవ్వించిన సుధాకర్. తమిళంలో ఆయనా రాధికా కొన్నాళ్లు హిట్ జంట. ఆ కథనే 1979లో బాపు ‘తూర్పు వెళ్లే రైలు’గా తెలుగులో తీశారు, వేరే నటులతో.

న్యాయం అడిగిన పిల్ల

అప్పటికి తెలుగు సినిమా ఇంకా మద్రాసును వదలలేదు. వడపళని, కోడంబాకం ప్రాంతాల స్టూడియోల్లో ఒక ఫ్లోర్‌లో తమిళ సినిమా, పక్క ఫ్లోర్‌లో తెలుగు సినిమా. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి చేసే కథానాయికలు ఉండేవారు. ఆ దారిలోనే రాధిక మనకు వచ్చారు. వచ్చినప్పుడు చేతిలో ఉన్న పాత్ర మాత్రం దారిన దొరికేది కాదు.

డి. కామేశ్వరి నవల ‘కొత్త మలుపు’ ఆధారంగా క్రాంతికుమార్ నిర్మాణంలో, ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1981లో వచ్చిన ‘న్యాయం కావాలి’లో ఆమె భారతి. ప్రేమించానని నమ్మించి, గర్భవతిని చేసి తప్పుకున్న కుర్రాడిని కోర్టుకు లాగుతుంది. ఆ కుర్రాడు చిరంజీవి. ఆమె పక్షాన నిలబడ్డ లాయరు శారద. ఒకపక్క ‘ఊర్వశి’ శారద లాంటి నటి, మరోపక్క దూసుకొస్తున్న చిరంజీవి. మధ్యలో ఇరవై నిండని రాధిక. ఏడ్చి సానుభూతి సంపాదించే వీలు కథలో బోలెడంత ఉంది. ఆమె ఆ పని చేయలేదు. భారతి అడుగుతున్నది దయ కాదని, హక్కని ప్రేక్షకుడికి తెలిసేలా చేశారు. పెళ్లి చేసుకోమని బతిమాలుకోవడంతో ఇలాంటి కథలు ముగిసే కాలంలో ఇది చిన్న విషయం కాదు.

తర్వాత చిరంజీవితో వరసగా సినిమాలు. ‘యమకింకరుడు’, యండమూరి నవల ఆధారంగా వచ్చిన ‘అభిలాష’, ‘దొంగమొగుడు’... వీటిలో కొన్ని ఇప్పుడు పాటల కోసమే గుర్తుంటాయి. కమర్షియల్ సినిమాలో హీరోయిన్‌కు ఇచ్చే జాగా ఎంతో ఆమెకూ తెలుసు. ఆ జాగాలో కూడా ఉత్సవ విగ్రహంలా నిలబడకుండా చిరంజీవికి దీటుగా మాట విసిరే పిల్లగా కనబడ్డారు. అంతకుమించి ఆ జాబితా మీద ఎక్కువసేపు ఆగాల్సిన పనిలేదు.

విశ్వనాథ్ ఇచ్చిన ఇద్దరు

ఆగాల్సింది 1986 దగ్గర. ఏడిద నాగేశ్వరరావు పూర్ణోదయా సంస్థ, కె. విశ్వనాథ్, ఇళయరాజా, కమల్‌హాసన్... ‘స్వాతిముత్యం’. మన దేశం తరఫున ఆస్కార్‌కు పంపిన తెలుగు సినిమా. ఆ సినిమా గురించి రాసిన ప్రతి ఒక్కరూ ముందు శివయ్య గురించి రాస్తారు, రాయాలి కూడా. లోకం తెలియని ఆ అమాయకుణ్ణి కమల్ నడకతో, చూపుతో, మాట తీరుతో కట్టారు. ఆ శివయ్యను మనం నమ్మేలా చేసింది మాత్రం లలిత.

లలిత వితంతువు. ఒక కొడుకు. అన్న పంచన, వదిన మాటల కింద బతుకుతోంది. సీతారామ కల్యాణం జరుగుతున్న వేళ శివయ్య వచ్చి ఆమె మెడలో తాళి కట్టేస్తాడు. అతడి మటుకు అది మంచి పని, అంతే. ఆమె మటుకు? ఊరు ఏమంటుందో, ఈ మనిషితో రేపు ఎలా గడుస్తుందో, చంటివాడి గతి ఏమిటో, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అక్కడినుంచి లలిత చేసే పని ఎంత కష్టమో గమనించండి. భర్త పసివాడు. అతడికి తల్లిలా అన్నం పెట్టాలి, గురువులా లోకం నేర్పాలి, పని చేసుకుని బతికేలా నిలబెట్టాలి, మళ్లీ అతణ్ణి మొగుడిగానూ ప్రేమించాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. జాలి పాలు పెరిగితే ప్రేమ అబద్ధమైపోతుంది. శృంగారం పాలు పెరిగితే శివయ్య అమాయకత్వం అబద్ధమైపోతుంది. రాధిక ఆ సన్నటి గట్టు మీద సినిమా పొడవునా నడిచారు. శివయ్యను చూసి ఆమె నవ్వే నవ్వు మొదట విసుగును దాచుకునే నవ్వు. సినిమా సగం దాటేసరికి అది మొగుణ్ణి చూసి మురిసే నవ్వు. ఎక్కడ మారిందో చెప్పడం కష్టం. మళ్లీ చూసినా నాకు ఆ చోటు దొరకలేదు.

ఈ సినిమానే హిందీలో ‘ఈశ్వర్’గా విశ్వనాథే తీశారు, అనిల్ కపూర్, విజయశాంతిలతో. బాగానే తీశారు. అయినా రెండూ పక్కపక్కన చూస్తే లలిత పాత్రలో రాధిక ఏం చేశారో ఇంకా బాగా తెలుస్తుంది.

అదే 1986లో తాతినేని రామారావు దర్శకత్వంలో హిందీ ‘నసీబ్ అప్నా అప్నా’ వచ్చింది. రిషి కపూర్ పక్కన, నిటారుగా నిలబడ్డ జడతో, నల్లటి మేకప్‌తో పల్లెటూరి చందో. ఉత్తరాదిలో ఆ జడ ఇవాళ్టికీ గుర్తే. కెరీర్ మంచి ఊపులో ఉన్న కథానాయిక తనను అనాకారిగా చూపించే వేషం ఒప్పుకోవడం ధైర్యమే. రంగును వికారానికి గుర్తుగా వాడిన ఆ సినిమా చూపు మాత్రం నాకు మింగుడుపడదు.

విశ్వనాథ్ ఇచ్చిన రెండో పాత్ర ‘స్వాతికిరణం’లో శారద. 1992. మహా విద్వాంసుడు అనంతరామశర్మగా మమ్ముట్టి. శిష్యుడు గంగాధరం తనను మించిపోతాడన్న అసూయ ఆయన్ను తినేస్తుంటుంది. పిల్లలు లేని శారదకు ఆ పిల్లవాడు కొడుకే. భర్త అహంకారం ఆ పసివాణ్ణి బలితీసుకున్నాక ఆమె మొగుణ్ణి నిలదీస్తుంది. అంతవరకూ ఆయన మాటకు ఎదురు చెప్పని ఇల్లాలు. అరవడానికి అన్ని కారణాలూ ఉన్న ఆ చోట రాధిక గొంతులో కోపం కంటే ముందు కడుపుకోత వినబడుతుంది. తండ్రి నుంచి వచ్చిన గొంతు అని తమిళులు అంటారు. కావచ్చు. ఆ గొంతును ఎక్కడ తగ్గించాలో మాత్రం ఆమె సొంతంగా నేర్చుకున్నదే.

ఈ రెండు సినిమాల మధ్య, 1990లో, తమిళంలో వసంత్ తీసిన ‘కేళడి కణ్మణి’ ఉంది. తెలుగులో ‘ఓ పాపా లాలి’. అందులో ఆమెకు జోడీ మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. నడివయసు మగవాడు, మాటా వినికిడీ లేని తల్లిదండ్రులను చూసుకునే టీచరు, వాళ్లిద్దరి మధ్య ఆలస్యంగా వచ్చిన ప్రేమ. హీరో లక్షణాలేవీ లేని బాలు గారిని నిజంగానే ప్రేమించదగ్గ మనిషిగా మనకు కనబడేలా చేసిన దాంట్లో రాధిక చూపుకు పెద్ద వాటా ఉంది. ఆ టీచరు పేరు కూడా శారదే. టీచరు, విద్వాంసుడి భార్య, పిన్ని. ముగ్గురు శారదలూ తాము కనని బిడ్డల విషయంలోనే పరీక్షకు నిలబడ్డారన్నది కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ఆ వరస చాలా నచ్చుతుంది.

1993లో భారతీరాజా ‘కిళక్కు చీమయిలే’లో ఆమెను మళ్లీ పల్లెకు తీసుకెళ్లారు. అన్నకూ మొగుడికీ మధ్య నలిగే చెల్లెలు. అదే తెలుగులో కృష్ణంరాజుతో ‘పల్నాటి పౌరుషం’ అయింది, చెల్లెలుగా రాధికే. ఆ తర్వాత సినిమా ఆమెకు ఇవ్వాల్సినంత ఇవ్వలేదు.

అరగంట ఖరీదు

ఇక్కడే ఆమె మిగతావాళ్లతో విడిపోయారు. నిర్మాణం ఆమెకు కొత్త కాదు. 1985లోనే ప్రతాప్ పోతన్ దర్శకత్వంలో ‘మీండుం ఒరు కాదల్ కదై’ తీశారు. దర్శకుడి తొలి చిత్రానికిచ్చే జాతీయ అవార్డు దానికి వచ్చింది. ఆ అవార్డులో నిర్మాతకూ భాగం ఉంటుంది. అంటే ఇరవైల తొలినాళ్లలోనే, నటిగా మంచి ఊపులో ఉన్నప్పుడే, జాతీయ వేదిక మీద నిర్మాత. తొంభైల నడుమ ఆమె రాడాన్ పెట్టినప్పుడు, పని లేక పెట్టుకున్న వ్యాపకం అని తీసిపారేసినవాళ్లు ఈ సంగతి మరిచిపోయారు.

అప్పటి సన్ టీవీ పద్ధతి తెలిస్తే ఆమె చేసిన సాహసం అర్థమవుతుంది. చానల్ సీరియల్ తీయించి డబ్బివ్వదు. నిర్మాతే అరగంట స్లాట్‌కు చానల్‌కు రుసుము కట్టాలి. ఆ అరగంటలో తనకు దక్కిన ప్రకటనల సెకన్లను సబ్బు కంపెనీకో, టీపొడి కంపెనీకో తానే అమ్ముకోవాలి. రేటింగ్ వస్తే సెకను ధర పెరుగుతుంది. రాకపోతే స్లాట్ రుసుము, ఆర్టిస్టుల పారితోషికాలు, సెట్ అద్దె అన్నీ నెత్తిన పడతాయి. సినిమా ఫ్లాపయితే ఒక శుక్రవారంతో తేలిపోతుంది. సీరియల్ పోతుంటే వారానికి ఐదు రోజులు పోతూనే ఉంటుంది. ఆ రిస్కుకు ప్రతిఫలంగా నిర్మాతకు దక్కేది ఒకటుంది. కథ మీద హక్కులు. ‘చిత్తి’ తెలుగులో ‘పిన్ని’ అయినప్పుడు డబ్బింగ్ నిర్మాతకు మరో ఆదాయం అయింది.

కాబట్టి ఉదయం మేకప్ వేసుకుని శారదగా ఏడ్చిన మనిషే సాయంత్రం ప్రకటనల లెక్కలు చూడాలి. ఎపిసోడ్లు చేతిలో నిల్వ లేకపోతే రాత్రి ప్రసారానికి పగలు షూటింగ్. రాధిక పక్కన ‘చిత్తి’లో నటించింది తమిళ సినిమాలో ఒకప్పటి హీరో శివకుమార్, అంటే సూర్య నాన్నగారు. సినిమా స్థాయి నటులను, సినిమా స్థాయి టైటిల్ పాటను బుల్లితెరకు తెచ్చి, సీరియల్ అంటే చవక సరుకు కాదని ఆమె చూపించారు. తర్వాత ‘అణ్ణామలై’, ‘సెల్వి’, ‘అరసి’, ‘చెల్లమే’, ‘వాణి రాణి’... 1999 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ఏదో ఒక సీరియల్‌తో ఆమె రాత్రిపూట తెర మీద ఉన్నారు. ‘వాణి రాణి’ ఒక్కటే 2013 నుంచి 2018 దాకా నడిచింది. కవలలిద్దరూ ఆమే. ఈలోగా రాడాన్ స్టాక్ ఎక్స్‌ఛేంజీలో నమోదైన కంపెనీ అయింది. దక్షిణాదిలో ఒక నటి పెట్టిన సంస్థ షేర్ మార్కెట్‌లోకి వెళ్లడం అప్పటికి విన్న కథ కాదు.

ఇందులో మనకు నొప్పి కలిగించే కోణం ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. ‘పిన్ని’ రాకముందే తెలుగు ఇళ్లకు మంచి సీరియల్ అలవాటైంది. దూరదర్శన్‌లో మంజులానాయుడు ‘ఋతురాగాలు’, ఈటీవీలో ‘అన్వేషిత’, ‘అంతరంగాలు’. మన రచయితలు, మన నటులు, మన మాట. ‘పిన్ని’ విజయం చూశాక తమిళ సీరియళ్ల డబ్బింగ్ వరసకట్టింది. సొంతంగా తీయడం కంటే డబ్బింగ్ చేయడం చవక. దాంతో ఇక్కడి టీవీ కళాకారుల పని పోయింది, డబ్బింగ్ సీరియళ్లు వద్దని వాళ్లు రోడ్డెక్కిన రోజులూ వచ్చాయి. వాళ్ల గోడు న్యాయమైనదే. సీరియళ్లు పొడవు పెరిగేకొద్దీ పగలు, కుట్రలు, విషప్రయోగాలు పెరిగాయన్నదీ నిజమే. రాడాన్ సీరియళ్లు కూడా అందుకు మినహాయింపు కాదు. అయినా, సీరియళ్లు చూసే ఆడవాళ్లను చులకన చేసే మాటలతో మాత్రం నేను ఎన్నడూ ఏకీభవించలేను. పగలంతా ఇంటి చాకిరీ చేసి, రాత్రి అరగంట తన వయసు మనిషి, తనలాంటి మనిషి కథ నడిపిస్తుంటే చూడాలనుకున్నారు వాళ్లు. అప్పటి సినిమాలో ముప్పై ఐదు దాటిన ఆడది కథ నడపడం ఎక్కడుంది? ఆ ఖాళీ రాధికకు కనబడింది.

అరవైకి అటూ ఇటూ

2019 చివర్లో కలర్స్ తమిళ్‌లో ‘కోడీశ్వరి’ మొదలైంది. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ తరహా ఆటను కేవలం ఆడవాళ్ల కోసమే నిర్వహించారు. ఎదుటి కుర్చీలో రాధిక. మాటా వినికిడీ లేని ఒక యువతి ఆ వేదిక మీద కోటి రూపాయలు గెలిచారు. ‘కేళడి కణ్మణి’లో తల్లిదండ్రులతో సైగల్లో మాట్లాడిన టీచరు గుర్తున్నవాళ్లకు ఆ ఎపిసోడ్ మరింత దగ్గరగా అనిపించి ఉంటుంది.

2024 లోక్‌సభ ఎన్నికల్లో విరుదునగర్ నుంచి బీజేపీ అభ్యర్థిగా నిలబడి మూడో స్థానంలో నిలిచారు. అదే ఏడాది ఆగస్టులో మలయాళ సినిమాపై జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటపడినప్పుడు, రాధిక ఒక సంగతి చెప్పారు. ఒక మలయాళ సినిమా సెట్లో కొందరు మగవాళ్లు గుంపుగా కూర్చుని ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటున్నారట. అది క్యారవాన్‌లలో రహస్య కెమెరాలు పెట్టి, నటీమణులు బట్టలు మార్చుకుంటుండగా తీసిన వీడియో అని తెలిసిందట. ఆ తర్వాత తాను క్యారవాన్ వాడనని చెప్పి హోటల్ గది తీసుకున్నానని చెప్పారు. నలభై ఏళ్లకు పైగా అనుభవం, సొంత సంస్థ, పేరు ఉన్న మనిషి కాబట్టి గది తీసుకోగలిగారు. రెండో సినిమా చేస్తున్న ఇరవై ఏళ్ల పిల్లకు ఆ వీలు ఉంటుందా అన్నది మన పరిశ్రమ కూడా జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.

తెలుగులో ఆమెను ఈ మధ్య ఎక్కువగా తల్లిగానే చూస్తున్నాం. ‘రాజా ది గ్రేట్’లో చూపులేని కొడుకు రవితేజను పోలీసు చేయాలని పట్టుబట్టే కానిస్టేబుల్, 2022లో ‘ఆడవాళ్లు మీకు జోహార్లు’లో పెద్ద తరం ఆడవాళ్లలో ఒకరు. కామెడీలో ఆమె టైమింగ్‌కు వయసు రాలేదు. ఆ కానిస్టేబుల్ కొడుకును చూసి గర్వపడే రెండు మూడు చోట్ల పాత రాధిక తళుక్కుమంటారు. సరిపోదు. లలితను, శారదను చేసిన మనిషికి హీరో తల్లి వేషాలతో సరిపెడితే నష్టం ఆమెకంటే మనకే ఎక్కువ. తెలుగు దర్శకుల్లో ఎవరి బల్ల మీదైనా అరవై దాటిన ఆడమనిషి నడిపే కథ ఉంటే, ఆ ఫైలు ముందు చెన్నైకి పంపాలి. నచ్చితే ఆమే నిర్మించినా ఆశ్చర్యం లేదు.